గోల్ కొట్టాలంటే మ్యాచ్ కావాలి

ఒక్క ఏడాదిలో మూడు భారత మహిళా ఫుట్‌బాల్ జట్లు ఆసియా స్థాయికి అర్హత సాధించాయి. దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా నిజామాబాద్ అమ్మాయి నిలిచింది. మరి మన బడి గ్రౌండ్లలో బంతి వెనక పరిగెత్తే పన్నెండేళ్ల పిల్ల అక్కడిదాకా వెళ్లే దారి ఉందా? ఉంటే ఎక్కడ తెగిపోతోంది?

2025 జులై 5. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్ నగరం. మహిళల ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో ఆఖరి మ్యాచ్. ఎదురుగా ఆతిథ్య జట్టు థాయ్‌లాండ్. 2015, 2019 ప్రపంచకప్‌లు ఆడిన అనుభవం వాళ్లది. ఫిఫా ర్యాంకింగ్స్‌లో అప్పటికి వాళ్లు 46, మనం 70. రెండు జట్లూ అంతకుముందు ఆడిన మూడు మ్యాచ్‌లూ గెలిచే వచ్చాయి. గెలిచినవాళ్లకే ఆస్ట్రేలియా టికెట్.

పశ్చిమ బెంగాల్‌ మిడ్‌ఫీల్డర్ సంగీతా బాస్‌ఫోర్ మొదటి సగంలోనే దూరం నుంచి కొట్టిన షాట్ గోల్‌లోకి వెళ్లింది. విరామం అయిన వెంటనే థాయ్‌లాండ్ స్కోరు సమం చేసింది. స్టేడియం మొత్తం వాళ్ల వైపే. 74వ నిమిషంలో మళ్లీ సంగీత తల తగిలించింది. భారత్ 2, థాయ్‌లాండ్ 1. క్వాలిఫయర్స్ ఆడి గెలిచి ఆసియా కప్‌కు వెళ్లడం మన మహిళల జట్టుకు అదే మొదటిసారి.

ఆ గెలుపు తర్వాత నెల తిరిగిందో లేదో అండర్-20 అమ్మాయిలు మయన్మార్‌ను వాళ్ల గడ్డపైనే 1-0తో ఓడించి, ఇరవై ఏళ్ల తర్వాత తమ ఆసియా కప్‌కు అర్హత సాధించారు. అక్టోబరులో కిర్గిజ్‌స్థాన్ రాజధాని బిష్కెక్‌లో అండర్-17 జట్టు ఉజ్బెకిస్థాన్ మీద మొదట ఒక గోల్ వెనకబడి, తర్వాత రెండు కొట్టి గెలిచింది. సీనియర్లు, అండర్-20, అండర్-17... మూడు జట్లూ ఒకే ఏడాది గడప దాటాయి.

క్రికెట్‌లో ఇంత జరిగి ఉంటే వీధుల్లో టపాసులు పేలేవి. ఇక్కడ లోపలి పేజీల్లో చిన్న వార్తగా వచ్చి వెళ్లిపోయింది. అందుకే ఈ వారం ముఖచిత్ర కథనం ఆ అమ్మాయిల గురించి.

నిజామాబాద్ నుంచి జాగ్రెబ్ దాకా

ఈ కథలో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా గర్వించదగిన పేరు సౌమ్య గుగులోత్. 2001లో పుట్టింది. నిజామాబాద్ జిల్లా. లంబాడా బిడ్డ. బాక్సర్ నిఖత్ జరీన్‌ను ఇచ్చిన ఆ జిల్లాయే ఫుట్‌బాల్‌కు సౌమ్యను ఇచ్చింది. వయో విభాగాల జట్లలో ఒక్కొక్కటి ఆడుకుంటూ సీనియర్ జట్టుకు చేరింది. వింగ్‌లో ఆడుతుంది. ఆమె బలం వేగం. డిఫెండర్ తిరిగి చూసేలోపు ఆమె దాటేసి ఉంటుంది.

కేరళకు చెందిన గోకులం క్లబ్‌కు ఆడింది. 2022లో మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియాలోని ప్రసిద్ధ క్లబ్ డినామో జాగ్రెబ్‌తో ఒప్పందం కుదుర్చుకుంది. ఆ తర్వాత కోల్‌కతాలోని ఈస్ట్ బెంగాల్‌కు వచ్చింది. 2024-25 ఇండియన్ విమెన్స్ లీగ్‌లో ఈస్ట్ బెంగాల్ విజేత. ఒడిశా ఎఫ్‌సీ మీద 1-0తో గెలిచి టైటిల్ ఖాయం చేసుకున్న మ్యాచ్‌లో ఆ ఒక్క గోలూ సౌమ్యదే. ఆ సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో మంగోలియాపై భారత్ 13-0తో గెలిచిన మ్యాచ్‌లోనూ ఆమె పేరు స్కోరుబోర్డు మీద ఉంది.

అయితే సౌమ్య ప్రయాణాన్ని ఒకసారి జాగ్రత్తగా చూడండి. కేరళ, క్రొయేషియా, బెంగాల్. ఎదగడానికి కావాల్సిన మ్యాచ్‌ల కోసం ఆమె రాష్ట్రం దాటింది, దేశం దాటింది. దేశంలోకెల్లా ఉత్తమ క్రీడాకారిణి పుట్టిన చోట, ఆమె వారం వారం ఆడగలిగిన జాతీయ స్థాయి మహిళా క్లబ్ లేదు. నిజామాబాద్‌లో ప్రతిభ ఉందని సౌమ్య రుజువు చేసింది. ఆ ప్రతిభ ఇంటి దగ్గరే పెరిగే ఏర్పాటు చేయాల్సిన బాధ్యత మాత్రం మనది.

ఆట ఆగితే ఏమవుతుంది?

మహిళల ఫుట్‌బాల్ కొత్తగా పుట్టిందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది పుట్టి వందేళ్లు దాటింది. మధ్యలో దాన్ని ఆపేశారు.

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఇంగ్లండ్‌లో మగవాళ్లు యుద్ధానికి వెళ్తే, ఆడవాళ్లు ఆయుధ కర్మాగారాల్లో చేరారు. ప్రెస్టన్ పట్టణంలోని ఒక ఫ్యాక్టరీ కార్మికురాళ్లు డిక్, కెర్ లేడీస్ పేరుతో జట్టు కట్టారు. గాయపడిన సైనికుల సహాయనిధి కోసం మ్యాచ్‌లు ఆడారు. 1920లో క్రిస్మస్ మర్నాడు లివర్‌పూల్‌లోని గుడిసన్ పార్క్‌లో వాళ్ల మ్యాచ్‌కు 53 వేల మంది వచ్చారు. మరుసటి ఏడాది డిసెంబరు 5న ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం, ఈ ఆట ఆడవాళ్లకు తగదంటూ తన సభ్య క్లబ్‌ల మైదానాలను వాళ్లకు ఇవ్వకుండా నిషేధం పెట్టింది. ఆ నిషేధం సుమారు 50 ఏళ్లు నడిచింది. రెండు తరాల అమ్మాయిలు పార్కుల్లో, పొలాల్లో ఆడుకుని వెళ్లిపోయారు.

మన కథలోనూ ఇలాంటి విరామం ఉంది. నిషేధం ఎవరూ పెట్టలేదు. పట్టించుకోకపోవడమే ఆ పని చేసింది. 1975లో లక్నో కేంద్రంగా భారత మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడింది. ఐదేళ్లు తిరగకుండానే కోళికోడ్‌లో జరిగిన ఆసియా ఛాంపియన్‌షిప్‌లో మన అమ్మాయిలు ఫైనల్ ఆడారు. 1983లో బ్యాంకాక్‌లో మళ్లీ ఫైనల్ ఆడారు. రెండుసార్లూ రన్నరప్. ఆ తరం నుంచి బెంగాల్‌ క్రీడాకారిణి శాంతి మల్లిక్ అర్జున అవార్డు అందుకున్న తొలి మహిళా ఫుట్‌బాలర్ అయ్యారు.

చైనా, జపాన్‌లు ఆ దశాబ్దంలో ముందుకు సాగాయి. మనం ఆగిపోయాం. 2009 నాటికి పరిస్థితి ఎంతగా దిగజారిందంటే, ఏడాదిన్నరపాటు భారత జట్టు ఒక్క అంతర్జాతీయ మ్యాచ్ కూడా ఆడకపోవడంతో ఫిఫా ర్యాంకింగ్స్ జాబితా నుంచే మన పేరు తొలగించారు. ఓడిపోతే ర్యాంకు తగ్గుతుంది, ఆడకపోతే పేరే మాయమవుతుంది. ఒకప్పుడు ఆసియాలో రెండో స్థానంలో నిలిచిన దేశం ఈ పాఠం నేర్చుకోవడానికి పాతికేళ్లకు పైగా పట్టింది.

ఆ చీకటి రోజుల్లోనూ మణిపుర్ ఆట వదల్లేదు. సీనియర్ మహిళల జాతీయ ఛాంపియన్‌షిప్‌ అయిన రాజమాత జీజాబాయి ట్రోఫీని ఆ చిన్న రాష్ట్రం ఇరవైసార్లకు పైగా గెలుచుకుంది. భారత జట్టు మాజీ కెప్టెన్ బెంబెం దేవి అక్కడి నుంచే వచ్చారు. 2020లో పద్మశ్రీకి ఎంపికయ్యారు. అదే ఏడాది అదే రాష్ట్రానికి చెందిన బాలాదేవి స్కాట్లాండ్ క్లబ్ రేంజర్స్‌తో వృత్తిపరమైన ఒప్పందం చేసుకున్నారు. 2015లో గోల్‌కీపర్ అదితి చౌహాన్ ఇంగ్లండ్‌లో వెస్ట్‌హామ్‌కు ఆడారు. 2021లో పంజాబ్ అమ్మాయి మనీషా కల్యాణ్ బ్రెజిల్ మీద, బ్రెజిల్‌లోనే గోల్ కొట్టింది. ఆ మ్యాచ్ 1-6తో పోయినా ఆ ఒక్క గోల్‌ను ఫుట్‌బాల్ ప్రేమికులు నేటికీ మర్చిపోలేదు. మరుసటి ఏడాది సైప్రస్ క్లబ్ అపోలోన్ తరఫున ఐరోపా మహిళల ఛాంపియన్స్ లీగ్ బరిలో దిగి, ఆ టోర్నీ ఆడిన తొలి భారతీయురాలైంది.

ఊరు తలుచుకుంటే

మహిళల ఫుట్‌బాల్‌ను కోటీశ్వరులు కట్టిన అకాడమీలు నిలబెట్టాయని అనుకుంటే పొరపాటు. దాన్ని నిలబెట్టింది ఊళ్లు, బడులు, పట్టుదలగల పీఈటీలు.

హరియాణాలోని భివానీ జిల్లాలో అలఖ్‌పురా అనే ఊరుంది. ఆడపిల్లలు గడప దాటితే ఆరా తీసే ప్రాంతం అది. అక్కడి సర్కారు బడిలో అమ్మాయిలకు వ్యాయామ ఉపాధ్యాయుడు ఒక బంతి ఇవ్వడంతో మొదలైన ఆట, ఊరి పేరునే మార్చేసింది. భారత జట్టుకు ఆడిన సంజు యాదవ్ ఆ ఊరి అమ్మాయే. ఆడినవాళ్లకు స్కాలర్‌షిప్‌లు, స్పోర్ట్స్ కోటా ఉద్యోగాలు వచ్చాక, ఆడొద్దన్న ఇళ్లే పిల్లల్ని తెల్లవారుజామున గ్రౌండ్‌కు పంపడం మొదలుపెట్టాయి.

ఝార్ఖండ్‌లో రాంచీ దగ్గరి పల్లెల్లో 2009లో మొదలైన యువా సంస్థ, బాల్యవివాహాలు ఎక్కువగా ఉన్నచోట ఆడపిల్లల చేతికి బంతి ఇచ్చింది. 2013లో ఆ పల్లె పిల్లలు స్పెయిన్ వెళ్లి టోర్నమెంట్లు ఆడివచ్చారు. 2019లో ఆ సంస్థకు అంతర్జాతీయ లారియస్ పురస్కారం దక్కింది. అమ్మాయికి జట్టు ఉంటే తన గురించి మాట్లాడే స్నేహితురాళ్లు ఉంటారు, అడిగే కోచ్ ఉంటారు. పదిహేనేళ్లకే పెళ్లి చేసేయడం అంత సులువు కాదు.

పొరుగునే ఉన్న తమిళనాడును చూడండి. కడలూరులోని అకాడమీ నుంచి వచ్చిన ఇందుమతి కదిరేశన్ భారత జట్టు మిడ్‌ఫీల్డర్, తమిళనాడు పోలీసు శాఖలో ఎస్సై కూడా. మదురైకి చెందిన సేతు ఎఫ్‌సీ 2019లో జాతీయ లీగ్ గెలిచింది. 2017-18లో, మళ్లీ 2022-23లో తమిళనాడు జట్టు జాతీయ ఛాంపియన్. విజయ్ నటించిన 'విజిల్' సినిమాలో అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టును చూసి మన థియేటర్లలోనూ ఈలలు మోగాయి. ఆ సినిమా పుట్టిన రాష్ట్రంలో అలాంటి జట్లు నిజంగానే ఉన్నాయి.

బంగ్లాదేశ్ కథ ఇంకా గట్టిది. మయిమన్‌సింగ్ జిల్లాలో కొల్‌సిందూర్ అనే మారుమూల ఊరి ప్రాథమిక పాఠశాల నుంచి వరుసగా జాతీయ జట్టు క్రీడాకారిణులు వచ్చారు. కారణం ఏదో రహస్య శిక్షణ కాదు. ప్రాథమిక పాఠశాలల బాలికలకు దేశవ్యాప్తంగా ఏటా టోర్నమెంట్ పెట్టారు. బడి నుంచి మండల స్థాయికి, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి దేశానికి. పదేళ్ల పిల్లకు కూడా గెలవడానికో ఓడటానికో ఒక మ్యాచ్ ఉంటుంది. దక్షిణాసియా ఛాంపియన్‌షిప్‌ను మొదటి ఐదుసార్లూ వరుసగా భారత్ గెలిచింది. 2022లో, 2024లో గెలిచింది బంగ్లాదేశ్. 2026 ఆసియా కప్‌కు ఆ దేశమూ తొలిసారి అర్హత సాధించింది. అందులో వింత ఏమీ లేదు. పదేళ్ల కిందట వాళ్లు నాటింది ఇప్పుడు కోతకు వచ్చింది.

మనకూ ఒక అనంతపురం ఉంది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్, కరవు నేలలో బడులు, ఆసుపత్రులతో పాటు ఆటస్థలాలు కూడా కట్టింది. అక్కడి క్రీడా గ్రామంలో పచ్చటి మైదానాలు, హాస్టళ్లు, స్పెయిన్‌లోని లా లిగా సహకారంతో ఫుట్‌బాల్ శిక్షణ, నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ బడి ఉన్నాయి. రైతు కూలీల కూతుళ్లు బూట్లు వేసుకుని శిక్షణకు వస్తారు. ఆంధ్రప్రదేశ్ అమ్మాయిల ఫుట్‌బాల్‌కు అనంతపురం ఊపిరి. కానీ ఒక రాష్ట్రం మొత్తానికి ఒక్క ఊపిరి సరిపోదు. విశాఖ, విజయవాడ, కర్నూలు, వరంగల్, ఖమ్మం, ఆదిలాబాద్... ప్రతిచోటా అలాంటి మైదానం ఒకటి కావాలి.

నిచ్చెనలో మాయమైన మెట్లు

ఆటలో ఎదుగుదల నిచ్చెన లాంటిది. పైమెట్టు ఎంత బాగున్నా మధ్యలో రెండు మెట్లు లేకపోతే పిల్లలు కిందే ఉండిపోతారు.

మన దగ్గర అడుగు మెట్టు ఇప్పుడిప్పుడే గట్టిపడుతోంది. ఖేలో ఇండియా కింద నడుస్తున్న అస్మిత లీగ్‌లలో అండర్-13, అండర్-15, అండర్-17 అమ్మాయిలు దేశంలోని చాలా నగరాల్లో ఆడుతున్నారు. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ పోటీలు ఎలాగూ ఉన్నాయి. పైమెట్టు ఇండియన్ విమెన్స్ లీగ్. 2016-17లో మొదలైన ఈ లీగ్ తొలి ఏళ్లలో అన్ని జట్లనూ ఒకేచోట చేర్చి కొద్ది వారాల్లో ముగించే టోర్నమెంట్‌గా నడిచింది. మిగతా సంవత్సరమంతా అమ్మాయిలు ఏం చేయాలన్నది ఎవరికీ పట్టలేదు. 2023-24 నుంచి సొంతగడ్డ, పరాయిగడ్డ పద్ధతికి మారింది. 2024-25లో ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకు 14 మ్యాచ్‌లు.

ఈ 14ను పక్కన పెట్టుకుని బయట చూడండి. 2024-25లో పన్నెండు జట్లున్న ఇంగ్లండ్ మహిళల సూపర్ లీగ్‌లో ఒక్కో జట్టు 22 లీగ్ మ్యాచ్‌లు ఆడింది. అమెరికా జాతీయ మహిళల లీగ్‌లో 2025లో అది 26. కప్ పోటీలు, దేశం తరఫున ఆటలు వీటికి అదనం. పద్నాలుగు మ్యాచ్‌లు ఆడే అమ్మాయి, ముప్పై నలభై ఆడే అమ్మాయితో తలపడినప్పుడు తేడా ప్రతిభలో ఉండదు, 70వ నిమిషం తర్వాత నిర్ణయాల్లో ఉంటుంది. ఎప్పుడు పాస్ ఇవ్వాలో, ఎప్పుడు బంతిని పట్టుకుని సమయం గడపాలో శిక్షణలో ఎవరూ నేర్పలేరు. మ్యాచే నేర్పాలి.

2022 అక్టోబరులో అండర్-17 మహిళల ప్రపంచకప్‌కు మన దేశం ఆతిథ్యం ఇచ్చింది. భువనేశ్వర్‌లో మన అమ్మాయిలు అమెరికా చేతిలో 0-8తో, మొరాకో చేతిలో 0-3తో, బ్రెజిల్ చేతిలో 0-5తో ఓడారు. ఆ అంకెలు చూసి నవ్వినవాళ్లున్నారు. ఝార్ఖండ్ ఆదివాసీ పల్లె నుంచి వచ్చిన కెప్టెన్ అష్టమ్ ఉరావ్, ఆమె సహచరులు తప్పేమీ చేయలేదు. ఎదుటి జట్ల పిల్లలు ఆరేడేళ్ల వయసు నుంచే లీగ్‌లు ఆడుతూ వచ్చారు. మనవాళ్లకు చేతికందింది శిబిరాలే. మూడేళ్ల తర్వాత మరో అండర్-17 జట్టు ఉజ్బెకిస్థాన్ మీద వెనకబడి కూడా గెలిచిందంటే, ఈ మధ్యకాలంలో పెరిగిన పోటీల ఫలితం కనబడుతున్నట్టే. అండర్-17 ప్రపంచకప్ 2025 నుంచి రెండేళ్లకోసారి కాకుండా ఏటా జరుగుతోంది, జట్ల సంఖ్య 24కు పెరిగింది. తలుపు ఇంతకుముందెన్నడూ ఇంత వెడల్పుగా తెరుచుకోలేదు.

పెద్దలు చేసిన తప్పులకు పిల్లలు మూల్యం చెల్లించిన రోజులూ ఉన్నాయి. 2022 ఆగస్టులో పరిపాలనలో బయటివారి జోక్యం కారణంగా ఫిఫా భారత సమాఖ్యను సస్పెండ్ చేసింది. అప్పటికే ఆసియా క్లబ్ ఛాంపియన్‌షిప్ కోసం తాష్కెంట్ చేరుకున్న గోకులం అమ్మాయిలు ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా తిరిగొచ్చారు. కొన్నిరోజులకే సస్పెన్షన్ ఎత్తేశారు గానీ వాళ్లు పోగొట్టుకున్న అవకాశం తిరిగి రాలేదు. 2025లో ఆ ఆసియా వేదిక మీదే, చైనాలోని వుహాన్‌లో ఈస్ట్ బెంగాల్ అమ్మాయిలు ఇరాన్ విజేత బామ్ ఖాతూన్‌ను 3-1తో ఓడించినప్పుడు, తాష్కెంట్ నుంచి వెనుదిరిగినవాళ్ల బాకీ కొంతైనా తీరింది.

పది మందికి ఒక జీతం

లీగ్ ఉంటే చాలదు, దాని మీద బతకగలగాలి. ఇండియన్ విమెన్స్ లీగ్ క్లబ్‌లు కనీసం పది మంది భారతీయ క్రీడాకారిణులకు ఏడాదికి కనీసం 3.2 లక్షల రూపాయల ఒప్పందం ఇవ్వాలని 2023లో సమాఖ్య నిర్ణయించింది. నెలకు 27 వేలకు కొంచెం తక్కువ. జట్టు అంటే పాతిక మంది. మిగతా పదిహేను మంది సంగతి?

అందుకే మన దేశంలో మహిళా ఫుట్‌బాలర్లు రైల్వేలో, పోలీసులో, సాయుధ దళాల్లో ఉద్యోగం కోసం చూస్తారు. అది తప్పు కాదు. రైల్వే జట్టు 2015-16లో జాతీయ ఛాంపియన్ కూడా అయింది. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఎంతోమంది అమ్మాయిలను ఆటలో నిలబెట్టింది, ఇంట్లో గౌరవం తెచ్చింది. ఐతే ఉద్యోగం వచ్చాకే ఆడటం కుదురుతుందన్న స్థితి మారాలి. ఇంగ్లండ్‌లో 2025 జులైలో కెనడా అమ్మాయి ఒలీవియా స్మిత్‌ను ఆర్సెనల్ క్లబ్ పది లక్షల పౌండ్లకు తీసుకుంది. యాభై ఏళ్లు మైదానమే ఇవ్వని దేశం అది. 2022లో బార్సిలోనాలో మహిళల ఛాంపియన్స్ లీగ్ మ్యాచ్‌కు 91,648 మంది వచ్చారు. జనం వచ్చినచోటికి డబ్బు వస్తుంది. జనం రావాలంటే ముందు ఎవరో ఒకరు మ్యాచ్ పెట్టాలి, ఏళ్ల తరబడి పెడుతూ ఉండాలి.

రక్తహీనత, మోకాలు, మరుగుదొడ్డి

బంతి గురించి ఎంత మాట్లాడినా, అమ్మాయి శరీరం గురించి మాట్లాడకపోతే ఈ కథనం సగమే. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలుగు రాష్ట్రాల్లో 15-19 ఏళ్ల అమ్మాయిల్లో పది మందికి ఆరుగురు రక్తహీనతతో ఉన్నారు. రక్తం లేని పిల్ల ఇరవై నిమిషాలకే ఆయాసపడుతుంది. బద్ధకం అని తిట్టకుండా హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. పొద్దున్నే ఖాళీ కడుపుతో గ్రౌండ్‌కు పంపకండి. గుడ్డు, పల్లీలు, బెల్లం, ఆకుకూరలు, జొన్న, రాగి... మనకు తెలిసిన తిండే క్రీడాకారిణికి కావాల్సిన తిండి.

రెండోది మోకాలు. మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగడం ఫుట్‌బాల్‌లో అబ్బాయిలకంటే అమ్మాయిలకు చాలా ఎక్కువ. బాలాదేవి వంటి క్రీడాకారిణి కెరీర్‌కే ఆ గాయం గండి కొట్టింది. దీన్ని తగ్గించడానికి ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు. ఫిఫా రూపొందించిన '11 ప్లస్' అనే ఇరవై నిమిషాల వార్మప్ వారానికి రెండు మూడుసార్లు సరిగ్గా చేస్తే గాయాలు గణనీయంగా తగ్గుతాయని పరిశోధనలు చూపాయి. ప్రతి పీఈటీ అది నేర్చుకోవాలి, ప్రతి తల్లీ తండ్రీ చేయిస్తున్నారా అని అడగాలి.

మూడోది అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనని విషయం. గ్రౌండ్ పక్కన బట్టలు మార్చుకునే గది, నీళ్లున్న మరుగుదొడ్డి లేకపోతే, పన్నెండు పదమూడేళ్లు వచ్చేసరికి అమ్మాయి ఆట మానేస్తుంది. నెలసరి రోజుల్లో రానని చెప్పడానికి సిగ్గుపడి, మొత్తంగానే రావడం ఆపేస్తుంది. ఎంతమంది సౌమ్యలను ఆ తలుపులేని మరుగుదొడ్ల దగ్గర పోగొట్టుకున్నామో లెక్క వేసినవాళ్లు లేరు.

డాలస్‌లో తెలుగు అమ్మాయి, ఇక్కడి అమ్మాయి

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలను అడగండి. శనివారం పొద్దున డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కూతుర్ని సాకర్ ప్రాక్టీస్‌కు దింపని ఇల్లు అరుదు. ఐదారేళ్లకే చిన్న గోల్‌పోస్టులు, చిన్న జట్లు. పోటీ వద్దనుకున్నవాళ్లకు సరదా లీగ్, కావాలనుకున్నవాళ్లకు క్లబ్ జట్టు, ఆపైన హైస్కూల్, కాలేజీ. అక్కడ దీన్ని సాధ్యం చేసింది 1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం. ప్రభుత్వ డబ్బు తీసుకునే విద్యాసంస్థలు ఆడపిల్లలపై వివక్ష చూపకూడదని అది శాసించింది. ఆటలకూ అది వర్తించడంతో బడుల్లో, కాలేజీల్లో అమ్మాయిల జట్లు పుట్టుకొచ్చాయి. ఆ పునాది మీదే అమెరికా నాలుగుసార్లు మహిళల ప్రపంచకప్ గెలిచింది.

అదే కుటుంబంలోని మేనకోడలు వరంగల్‌లోనో గుంటూరులోనో ఉంటే, ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు, గ్రౌండ్ లేని కార్పొరేట్ బడి. రక్తం ఒకటే, కాళ్లు ఒకటే. మారింది ఏర్పాటు. ప్రవాస తెలుగు సంఘాలు ఏటా సొంతూళ్లకు పంపే విరాళాల్లో ఒక వంతు అమ్మాయిల గ్రౌండ్‌కు, కోచ్ జీతానికి కేటాయిస్తే, తమ పిల్లలకు దొరికింది ఇక్కడి పిల్లలకూ కొంత దొరుకుతుంది.

మీ అమ్మాయి ఆడతానంటే

• ఎనిమిదేళ్లలోపు పిల్లలకు 3వ సైజు బంతి, పన్నెండేళ్ల దాకా 4వ సైజు, ఆపైన 5వ సైజు. పెద్ద బంతితో మొదలుపెడితే కాలి అలవాటు చెడుతుంది.

• మొదట కొనాల్సింది సరైన కొలత స్టడ్స్, షిన్‌గార్డులు. అన్నయ్య పాత బూట్లు వదులుగా ఉంటే మడమ తిరుగుతుంది.

• అమ్మాయిల జట్టు లేకపోతే పన్నెండేళ్ల వరకు అబ్బాయిలతో ఆడించండి. ప్రపంచస్థాయి క్రీడాకారిణుల్లో చాలామంది అలాగే మొదలుపెట్టారు.

• కోచ్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న: ఏడాదిలో ఎన్ని మ్యాచ్‌లు ఆడిస్తారు? రెండోది: శిక్షణ సమయంలో మహిళా సిబ్బంది ఎవరైనా ఉంటారా?

• బడి పీఈటీని, జిల్లా ఫుట్‌బాల్ సంఘాన్ని, జిల్లా క్రీడాధికారి కార్యాలయాన్ని అడిగి అస్మిత లీగ్, స్కూల్ గేమ్స్ సెలెక్షన్స్ తేదీలు ముందే తెలుసుకోండి. పుట్టినతేదీ ధ్రువపత్రం, ఆధార్ సిద్ధంగా ఉంచండి.

• పదమూడేళ్లలోపు గెలుపోటములు లెక్కపెట్టకండి. బంతిని ఎన్నిసార్లు తాకిందో చూడండి.

చూడటం కూడా ఆటలో భాగమే

మహిళల ఫుట్‌బాల్ చూడటం అలవాటు లేనివాళ్లకు ఒక మాట. అబ్బాయిల ఆటతో పోల్చుకుంటూ చూస్తే అసలు అందం తప్పిపోతుంది. ఒక్క క్రీడాకారిణిని ఎంచుకుని పది నిమిషాలు ఆమెనే గమనించండి. బంతి దగ్గర లేనప్పుడు ఎక్కడికి కదులుతోంది, ఎవరిని లాక్కుపోయి ఎవరికి దారి ఇస్తోంది? సౌమ్య వింగ్‌లో పరుగు తీసిన ప్రతిసారీ ఎదుటి జట్టు డిఫెన్స్ మొత్తం ఒక పక్కకు జరగడం మీకు కనిపిస్తుంది. ఇండియన్ విమెన్స్ లీగ్ మ్యాచ్‌లు భారత ఫుట్‌బాల్ సమాఖ్య యూట్యూబ్ ఛానల్‌లో ప్రసారమవుతూ వచ్చాయి. చూసే ప్రతి ఫోనూ ఒక లెక్కే. స్పాన్సరు ఆ లెక్క చూసే వస్తాడు. 2027లో మహిళల ప్రపంచకప్ బ్రెజిల్‌లో జరుగుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చుని, ఆడపిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి.

ఇక ప్రభుత్వాలకు, ఫుట్‌బాల్ సంఘాలకు అడగాల్సినవి మూడే. ఉమ్మడి జిల్లాకొక అమ్మాయిల లీగ్, ఏడాదిలో ప్రతి పిల్లకూ కనీసం ఇరవై మ్యాచ్‌లు. ప్రతి గురుకుల బాలికల బడికి ఒక బంతుల సంచి, శిక్షణ పొందిన ఒక మహిళా కోచ్. తెలంగాణ నుంచి ఒకటి, ఆంధ్రప్రదేశ్ నుంచి ఒకటి ఇండియన్ విమెన్స్ లీగ్ స్థాయిలో నిలబడే మహిళా క్లబ్బులు. ఇవేవీ స్టేడియం కట్టినంత ఖర్చు కావు.

సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో 1956 ఒలింపిక్స్ సెమీఫైనల్ దాకా వెళ్లిన భారత జట్టుకు హైదరాబాద్ వెన్నెముకగా నిలిచింది. ఆ వారసత్వాన్ని మగపిల్లలు నిలబెట్టుకోలేకపోయిన చోట ఆడపిల్లలు నిలబెట్టే అవకాశం ఇప్పుడుంది. ఈ ఆదివారం సాయంత్రం మీ కాలనీలో, మీ ఊరి బడి ఆవరణలో ఏడుగురు అమ్మాయిలను పోగుచేయండి. ఒక బంతి కొనివ్వండి. పక్క ఊరికి కబురు పంపి మ్యాచ్ పెట్టండి, వచ్చే ఆదివారం ఇంకొకటి పెట్టండి. మిగతాది వాళ్లు చూసుకుంటారు.